ఫోన్ స్పీకర్లో వినపడని మనిషి

మాది ఆదోని. మా అమ్మవాళ్ళది ఎమ్మిగనూరు. ఇంటర్ అయిపోయిన సెలవుల్లో ఒకరోజు ఎమ్మిగనూరు పోయే పల్లెవెలుగు బస్సులో వెనక సీట్లో కూర్చొని పాటలు వింటున్నా. ఇయర్‌ఫోన్స్ అప్పటికే పోగొట్టుకున్నా కాబట్టి ఫోన్‌నే చెవికి ఆనించుకున్నా. మెటాలికా అనే అమెరికా బ్యాండ్ వాళ్ళ 'ఫర్ హూమ్ ద బెల్ టోల్స్' వచ్చింది. మొదట గంట మోగుతుంది. దాని మీద గరగరమంటూ ఒక ట్యూన్ కిందికి జారుతూ వస్తుంది. అబ్బ, ఏం గిటార్ వాయించినాడ్రా అనుకున్నా. దాదాపు ఏడాది అట్లే అనుకుంటూ ఉన్నా.

అది గిటార్ కాదు. బేస్ గిటార్. వాయించినతను క్లిఫ్ బర్టన్. ఈ సంగతి తెలిసేసరికి నేనే బేస్ గిటార్ వాయిస్తున్నా, అందుకే ఆశ్చర్యం కన్నా సిగ్గు ఎక్కువైంది.

ముందే చెప్పేస్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఎవరైనా పాతకాలం గొప్పవాళ్ళ జీవితం గురించి రాయమని క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు, వాళ్ళ మనసులో ఏ కవో, ఏ స్వాతంత్ర్య సమరయోధుడో ఉండి ఉంటాడు. ఈయన జుట్టు పెంచుకొని, అందరూ మానేసిన బెల్‌బాటమ్ ప్యాంటు వేసుకొని తిరిగిన కాలిఫోర్నియా కుర్రాడు. చనిపోయి నలభై ఏళ్ళు కావస్తోంది. చనిపోయినప్పుడు 24 ఏళ్ళు. అంటే మనం బీటెక్ అయిపోయినాక ఇంకో రెండు మూడేళ్ళు, అంతే.

బేస్ గిటార్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మామూలు గిటార్‌కి ఆరు తీగలు, దీనికి సాధారణంగా నాలుగు. తీగలు లావు, మెడ పొడుగు, శబ్దం ఒక స్థాయి కింద. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 82 సార్లు ఊగితే, బేస్‌లో లావు తీగ 41 సార్లు ఊగుతుంది. 41 హెర్ట్జ్. మన ఫోన్ స్పీకర్ వేలిగోరు అంత ఉంటుంది. అది 41 హెర్ట్జ్ పలకడం జరగని పని. కాబట్టి బస్సులో, హాస్టల్ రూమ్‌లో, క్యాంటీన్‌లో ఫోన్ స్పీకర్లో మనం వినే ప్రతి పాటలోనూ బేస్ వాయించే మనిషి చాలావరకు మాయమైపోయి ఉంటాడు. పాటలో ఏదో లోటుగా ఉందని మాత్రం అనిపిస్తుంది. వినాయక నిమజ్జనం డీజే బాక్సుల ముందు నిలబడితే గుండెల్లో గుద్దుతుందే, అదే ఆ మనిషి.

నేను బేస్ పట్టుకున్నది ప్రేమతో కాదు. ఫస్టియర్‌లో బ్యాండ్ పెడదామని నలుగురం కూడినాం. ముగ్గురికి గిటార్ వచ్చు. ఒకడికి డ్రమ్స్. ముగ్గురిలో నాకు తక్కువ వచ్చు కాబట్టి నన్ను బేస్‌కి తోసినారు. పాసవుట్ అయిపోతున్న సీనియర్ దగ్గర ఆరువేలకు ఒక సెకండ్‌హ్యాండ్ బేస్ కొన్నా. మా నాయన తిట్టలేదు. ఎవరికి వినపడుతుంది ఇది అని మాత్రం అడిగినాడు. ఆ తర్వాత ఫెస్ట్‌లో వాయించినాం. సౌండ్ చూసుకునేవాళ్ళు బేస్‌ని ఎంత తగ్గించినారో తెలియదు గానీ, దిగినాక నా రూమ్మేటే వచ్చి, నువ్వు స్టేజీ మీద ఊరికే నిలబడినావెందుకు అని అడిగినాడు. వాడు వెటకారం చేయలేదు, నిజంగానే అడిగినాడు. ఆ రాత్రే దాన్ని అమ్మేద్దామని హాస్టల్ గ్రూప్‌లో ఫోటో పెట్టినా.

ఎవరూ కొనలేదు. ఆ వారంలోనే ఈ క్లిఫ్ బర్టన్ గురించి చదవడం మొదలుపెట్టినా.

క్లిఫర్డ్ లీ బర్టన్ 1962 ఫిబ్రవరి 10న కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో అవతల ఉన్న క్యాస్ట్రో వ్యాలీ అనే ఊళ్ళో పుట్టినాడు. నాన్న రే, అమ్మ జాన్. నాన్నది రోడ్ల ఇంజనీరింగ్ ఉద్యోగం. అమ్మ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచర్. స్కాట్ అని అన్న, కానీ అని అక్క. మన ఇళ్ళలాగే మామూలు మధ్యతరగతి ఇల్లు. నాన్నకి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఇష్టం, దాన్ని పిల్లవాడికి అలవాటు చేసినాడు. క్లిఫ్ మొదట నేర్చుకున్నది పియానో.

1975లో అన్న స్కాట్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయినాడు. స్కాట్‌కి అప్పుడు 16, క్లిఫ్‌కి 13. ఆ తర్వాతే క్లిఫ్ బేస్ గిటార్ పట్టుకున్నాడు. అన్న కోసం తాను అందరికన్నా గొప్ప బేసిస్టు అవుతానని ఇంట్లో చెప్పినాడట. తర్వాతి కాలంలో వాళ్ళ అమ్మానాన్నలు చెప్పిన సంగతి ఇది. ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివినా. పదమూడేళ్ళ పిల్లవాడు దుఃఖంలో ఎన్నో అంటాడు. వారం తర్వాత మర్చిపోతాడు. క్లిఫ్ మర్చిపోలేదు. రోజుకి నాలుగు నుంచి ఆరు గంటల సాధన. తర్వాత పెద్ద బ్యాండ్‌లో చేరి దేశాలు తిరిగేటప్పుడు కూడా మానలేదు. బాఖ్ స్వరాలు వాయించుకునేవాడు. బ్లాక్ సాబత్ బేసిస్టు గీజర్ బట్లర్, రష్ బ్యాండ్ గెడ్డీ లీ, జాజ్‌లో స్టాన్లీ క్లార్క్, మోటర్‌హెడ్ లెమ్మీ, వీళ్ళందరినీ విని విని అరగదీసినాడు. వీళ్ళల్లో ఎవరూ వెనక నిలబడి బుద్ధిగా వాయించే రకం కాదు. ఇది గమనించండి, ముందు పనికొస్తుంది.

స్కూల్లో ఉన్నప్పుడే ఈజీ స్ట్రీట్ అని ఒక బ్యాండ్. అందులో గిటార్ జిమ్ మార్టిన్, డ్రమ్స్ మైక్ బోర్డిన్. ఆ ఇద్దరూ తర్వాత ఫెయిత్ నో మోర్ అనే పేరున్న బ్యాండ్‌లో వెలిగినారు. 1980లో స్కూల్ అయిపోయినాక చాబో కాలేజీలో చేరినాడు. అక్కడ జిమ్ మార్టిన్‌తోనే ఏజెంట్స్ ఆఫ్ మిస్‌ఫార్చ్యూన్ అని ఇంకో బ్యాండ్. 1981లో వాళ్ళు ఒక స్థానిక పోటీలో వాయించిన వీడియో దొరుకుతుంది. చూడండి. మన ఫెస్ట్ కన్నా పెద్ద వేదికేమీ కాదు. కానీ నేను బస్సులో విన్న ఆ గరగర ట్యూన్ ముక్క అప్పటికే అందులో ఉంది. అప్పుడు అతనికి 19. నా వయసు.

ఇక అతని బేస్ గిటార్ల సంగతి. నాకు అసలు ఆసక్తి ఇక్కడే.

పేరు వచ్చే రోజుల్లో అతని చేతిలో ఉన్నది రికెన్‌బ్యాకర్ 4001. కాలిఫోర్నియా కంపెనీయే. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ వాయించినది ఈ కుటుంబంలోని మోడలే. క్లిఫ్‌ది ముదురు ఎరుపు రంగుది. ఈ మోడల్‌కి శబ్దం టంగుమని, పదునుగా ఉంటుంది. ఎవరైనా కొత్త బేస్ కొంటే గీత పడకుండా గుడ్డ కప్పి పెట్టుకుంటాం. క్లిఫ్ దాని పొట్ట కోసినాడు.

కోసింది పికప్‌ల కోసం. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. దాని పైన ఇనుప తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి తీగలో కరెంటు పుడుతుంది. ఫారడే నియమం. ఫస్టియర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టినాం కదా, అదే. పికప్ మెడ దగ్గర ఉంటే శబ్దం లావుగా, గుమ్మటంగా వస్తుంది. తీగలు కట్టిన బ్రిడ్జి దగ్గర ఉంటే సన్నగా, పదునుగా వస్తుంది. క్లిఫ్ మెడ దగ్గర గిబ్సన్ బేస్‌లలో వాడే పెద్ద పికప్ పెట్టించినాడు. బురదలా చిక్కటి శబ్దం ఇస్తుందని దానికి వాడుకలో మడ్‌బకర్ అని పేరు. బ్రిడ్జి దగ్గర ఫెండర్ జాజ్ బేస్ పికప్ పెట్టించినాడు. అది చాలక, తీగల శబ్దం అణచడానికి కంపెనీవాళ్ళు పెట్టిన మ్యూట్ అనే భాగం ఉండే చోట, బయటికి కనపడకుండా మామూలు గిటార్ పికప్ ఒకటి దాచి పెట్టించినాడు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ది.

నాకు ఇక్కడే బల్బు వెలిగింది. శబ్దాన్ని అణచే చోట శబ్దాన్ని పట్టే దాన్ని పెట్టినాడు. బేస్ కడుపులో గిటార్ చెవి.

ఆ శబ్దాన్ని నేరుగా బాక్సుకి పంపేవాడు కాదు. మధ్యలో కాలి కింద రెండు పెట్టెలు. ఒకటి బిగ్ మఫ్ అనే డిస్టార్షన్ పెడల్, ఇంకోటి మోర్లీ కంపెనీ వా పెడల్. డిస్టార్షన్ ఏం చేస్తుందో మన బ్రాంచి భాషలో చెప్తా. నున్నగా ఎక్కి దిగే అల తలని, తోకని కత్తిరిస్తుంది. అట్లా కత్తిరించిన అలలో అసలు పౌనఃపున్యం ఒక్కటే ఉండదు. దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇట్లా పైన బోలెడు హార్మోనిక్స్ పుడతాయి. 41 హెర్ట్జ్ ఫోన్ స్పీకర్లో పలకదు గానీ, దాని పైన పుట్టిన నాలుగువందలు, ఎనిమిదివందలు హెర్ట్జ్ పలుకుతాయి. పైవి వినపడితే కింద ఉన్నదాన్ని మన మెదడే ఊహించి పూరించుకుంటుంది. అందుకే ఎమ్మిగనూరు బస్సులో, డొక్కు ఫోన్లో, ఇంజన్ చప్పుడు మీద కూడా నాకు ఆ ట్యూన్ వినపడింది. అందుకే అది గిటార్ అనుకున్నా. ఫోన్లంటే ఏమిటో తెలియని కాలంలో ఆయన నా ఫోన్ సమస్య తీర్చేసినాడు.

అట్లా మోసపోయినవాళ్ళలో నేను మొదటివాడిని కాదు. 1982లో క్లిఫ్ ట్రామా అనే బ్యాండ్‌లో ఉన్నాడు. లాస్ ఏంజెలెస్‌లో విస్కీ ఎ గో గో అనే క్లబ్బులో వాయిస్తున్నారు. అప్పుడే పుట్టిన మెటాలికా బ్యాండ్ నుంచి జేమ్స్ హెట్‌ఫీల్డ్, లార్స్ ఉల్రిచ్ చూడడానికి వచ్చినారు. లోపల అదిరిపోయే గిటార్ సోలో వినపడుతోంది. ఎవడ్రా అని స్టేజీ కేసి చూస్తే గిటార్ వాయించేవాడి చేతులు కాదు, బేస్ వాయించేవాడి చేతులు ఊగుతున్నాయి. పిక్ కూడా లేదు, ఉత్త వేళ్ళు. ఇద్దరూ అక్కడికక్కడే నిర్ణయించుకున్నారు, వీడు మనకి కావాలని.

క్లిఫ్ వెంటనే ఒప్పుకోలేదు. నెలల తరబడి అడగనిచ్చినాడు. చివరికి ఒక షరతు పెట్టినాడు: నేను లాస్ ఏంజెలెస్ రాను, మీరే మా వైపు రండి. ఒక బేసిస్టు కోసం బ్యాండ్ మొత్తం ఊరు మారింది! శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఎల్ సెరిటోలో ఒక ఇంట్లో కాపురం పెట్టినారు. మా బ్యాండ్‌లో నేను రిహార్సల్ టైమ్ అరగంట జరపమంటేనే ఎవరూ పలకరు.

1983 మార్చి 5న శాన్ ఫ్రాన్సిస్కోలో మెటాలికాతో అతని మొదటి ప్రదర్శన. ఆ జూలైలోనే మొదటి ఆల్బమ్ 'కిల్ ఎమ్ ఆల్' వచ్చేసింది. అందులో 'అనస్థీషియా' అని ఒక ట్రాక్ ఉంది. పాట లేదు, గిటార్ లేదు. నాలుగు నిమిషాల పైన బేస్, చివర్లో తోడుగా డ్రమ్స్. మొదలయ్యే ముందు స్టూడియో మనిషి గొంతు వినపడుతుంది, బేస్ సోలో, మొదటి టేక్ అని ప్రకటిస్తూ. హెవీ మెటల్ అంటే గిటార్ల రాజ్యం. అట్లాంటిచోట, ఎవరికీ తెలియని బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లో బేసిస్టుకి ఒక ట్రాక్ మొత్తం ఇచ్చినారంటే, ఆ రికెన్‌బ్యాకర్ ఎంత గట్టిగా మాట్లాడిందో చూడండి. నిజం చెప్పాలంటే మొదటిసారి విన్నప్పుడు నాకు తలనొప్పి వచ్చింది. పదోసారికి అర్థమైంది, ఆ గోల కింద బాఖ్ ఉన్నాడని.

తర్వాత అతను చేతికి తీసుకున్నది అలెంబిక్ స్పాయిలర్. అలెంబిక్ కూడా ఉత్తర కాలిఫోర్నియా కంపెనీయే. గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్‌కి సౌండ్ పనిచేసిన వాళ్ళ నుంచి పుట్టింది. ఖరీదైన చెక్క, లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్, కావలసిన చోట కత్తిరించుకునే ఫిల్టర్. లో-పాస్ ఫిల్టర్, క్యూ ఫ్యాక్టర్ అని మన ఈసీఈ వాళ్ళు ల్యాబ్‌లో తలపట్టుకునే సరుకు అంతా దీని కడుపులో ఉంటుంది. క్లిఫ్ విని పెరిగిన స్టాన్లీ క్లార్క్‌ది కూడా అలెంబిక్కే. రికెన్‌బ్యాకర్‌ని కోసి సాధించిన దాన్ని ఇది పుట్టుకతోనే చేస్తుంది అనుకున్నాడేమో, అది నా ఊహ.

మూడోది జపాన్‌ది. ఆరియా ప్రో టూ కంపెనీ ఎస్‌బీ రకం. అందులో బ్లాక్ అండ్ గోల్డ్ అనే మోడల్: నల్లటి ఒళ్ళు, బంగారు రంగు మరలు. చివరి ఏడాది ఫోటోల్లో అతని భుజాన ఉన్నది ఇదే. చనిపోయిన పాతికేళ్ళు దాటినాక, 2013లో, ఆరియా కంపెనీ అతని పేరు మీద ఒక మోడల్ తెచ్చింది.

ఈ మూడింటి స్పెసిఫికేషన్స్ పక్కపక్కన పెట్టుకొని చూస్తే నాకు ఒకటి కనపడింది. మూడూ వేర్వేరు కంపెనీలు, వేర్వేరు శబ్దాలు. కానీ మూడింటిలోనూ మెడ కర్ర ఒంటికి మరలతో బిగించింది కాదు. తల నుంచి అడుగు దాకా ఒకే కర్ర దూసుకొని పోతుంది, రెండు రెక్కలు పక్కల అతికిస్తారు. నా ఆరువేల బేస్‌కి మెడ నాలుగు మరలతో బిగించి ఉంటుంది. కర్ర ఒకటే అయితే తీగ ఊపు ఎక్కువసేపు నిలుస్తుందని వాయించేవాళ్ళు చెప్తారు. మన దగ్గర బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలో తొలుస్తారు కదా, ఆ లెక్క. వీణ అంటే గుర్తొచ్చింది, ఎమ్మిగనూరుకి దగ్గర్లోనే ఉన్న మంత్రాలయం రాఘవేంద్రస్వామి సన్యాసానికి ముందు మంచి వైణికుడని మా జేజి చెప్పేది. తీగల గురించి మా తట్టు వాళ్ళకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదని ఆమె అభిప్రాయం.

మళ్ళీ 1984కి వద్దాం. రెండో ఆల్బమ్ 'రైడ్ ద లైట్నింగ్' డెన్మార్క్‌లో, కోపెన్‌హాగెన్‌లో రికార్డు చేసినారు. నేను బస్సులో విన్న పాట ఇందులోదే. ఈ ఆల్బమ్ నుంచి మెటాలికా పాటల తీరే మారిపోయింది. ఉత్త వేగం కాస్తా తగ్గి, ఒక స్వరం మీద ఇంకో స్వరం పేర్చడం మొదలైంది. ఆ బ్యాండ్‌లో సంగీతశాస్త్రం బాగా తెలిసినవాడు క్లిఫ్. రెండు గిటార్లు జతగా ఎట్లా పలకాలో హెట్‌ఫీల్డ్ నేర్చుకున్నది ఇతని దగ్గరే. అంటే బేస్ వాయించినందుకు మాత్రమే కాదు, మిగతావాళ్ళ వేళ్ళల్లో కూడా ఇతను ఉన్నాడు. అది ఏ స్పీకర్లోనూ విడిగా వినపడదు.

1986 మార్చి 3న మూడో ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. ఇందులో 'ఒరాయన్' అని ఎనిమిది నిమిషాల పైన సాగే, మాటలు లేని పాట ఉంది. మధ్యలో అన్నీ ఆగిపోయి బేస్ ఒక్కటే నెమ్మదిగా నడుస్తుంది. దాని మీద ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. మా ఎమ్మిగనూరు తాత మగ్గం నేసేవాడు. గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే ముందు పడుగు అంతా సాగదీసి ఉంటుంది. చూసేవాళ్ళకి రంగుల పేకే కనపడుతుంది గానీ, పడుగులో పోగు తెగితే మాత్రం తాత పని ఆపేసేవాడు. 'ఒరాయన్' మధ్య భాగం వింటే నాకు ఆ పడుగు గుర్తొస్తుంది.

ఆ ఏడాది వేసవిలో ఓజీ ఆస్‌బోర్న్ ప్రదర్శనల ముందు వాయించే అవకాశం వచ్చింది. ఓజీ అంటే బ్లాక్ సాబత్ గొంతు. చిన్నప్పుడు ఇంట్లో కూర్చొని ఎవరి పాటలు అరగదీసినాడో వాళ్ళ మనిషితో ఒకే స్టేజీ. ఆ తర్వాత యూరప్. సెప్టెంబర్ 26న స్టాక్‌హోమ్‌లో ప్రదర్శన అయిపోయినాక రాత్రికి బస్సులో కోపెన్‌హాగెన్‌కి బయల్దేరినారు. బస్సులో పడుకునే బెర్తులు. ఎవరు ఏ బెర్తు అని పేకముక్కలు తీసినారు. క్లిఫ్‌కి ఇస్పేటు ఆసు వచ్చింది. గెలిచినాడు కాబట్టి గిటారిస్టు కర్క్ హామెట్ పడుకునే బెర్తు ఎంచుకున్నాడు. తెల్లవారుజామున స్వీడన్‌లో డోరార్ప్ అనే చిన్న ఊరి దగ్గర బస్సు అదుపు తప్పి పల్టీ కొట్టింది. క్లిఫ్ కిటికీలోంచి బయటికి పడినాడు, బస్సు అతని మీద పడింది. మిగతా ముగ్గురూ బతికినారు. రోడ్డు మీద మంచు పలక వల్ల జారిందని డ్రైవర్ చెప్పినాడు. హెట్‌ఫీల్డ్ ఆ చలిలో రోడ్డు వెంబడి నడుచుకుంటూ పోయి మంచు కోసం వెతికినాడు. అతనికి ఎక్కడా కనపడలేదు. విచారణ జరిగింది, డ్రైవర్ మీద నేరం నిలబడలేదు.

సెప్టెంబర్ 27. రే, జాన్ దంపతులకు పదకొండేళ్ళలో రెండో కొడుకు.

అంత్యక్రియల్లో 'ఒరాయన్' వినిపించినారు. తర్వాత రే బర్టన్ చాలా కాలం బతికినాడు. 2009లో మెటాలికాని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు కొడుకు తరఫున ఆయనే వచ్చినాడు. కొడుకు పాటల మీద వచ్చే రాయల్టీ డబ్బుని క్యాస్ట్రో వ్యాలీ హైస్కూల్లో సంగీతం చదివే పిల్లలకు స్కాలర్‌షిప్‌గా ఇచ్చేవాడు. 2020 జనవరిలో పోయినాడు. డోరార్ప్‌లో ప్రమాదం జరిగిన చోట 2006లో ఒక రాయి నిలబెట్టినారు.

బ్యాండ్ ఆగలేదు. దాదాపు నెల రోజుల్లోనే జేసన్ న్యూస్టెడ్ అనే కొత్త బేసిస్టుని తీసుకున్నారు. 1988లో నాలుగో ఆల్బమ్ 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' వచ్చింది. నేను రాయాలనుకున్నదంతా ఈ ఆల్బమ్ కోసమే అనుకోండి. అందులో బేస్ వినపడదు. ఫోన్లో కాదు, ఎంత మంచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నా వినపడదు. న్యూస్టెడ్ వాయించినాడు, కష్టపడి వాయించినాడు, కానీ మిక్సింగ్‌లో దాన్ని దాదాపు లేకుండా తగ్గించేసినారు. తగ్గించమని చెప్పింది బ్యాండ్ వాళ్ళే అని మిక్సింగ్ చేసినవాళ్ళు తర్వాత చెప్పినారు. కొత్తవాడి మీద చిన్నచూపా, పోయినవాడి మీద బెంగా అని అభిమానులు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. నాకైతే రెండూ కలిసి ఉంటాయి అనిపిస్తుంది. న్యూస్టెడ్‌ని తలుచుకుంటే మాత్రం బాధే. ఫెస్ట్ రోజు నా సంగతి ఒక్క సాయంత్రం, ఆయనది ఆల్బమ్ మొత్తం.

ఆ ఆల్బమ్‌లోనే 'టు లివ్ ఈజ్ టు డై' అని దాదాపు పది నిమిషాల ట్రాక్ ఉంది. క్లిఫ్ వదిలిపోయిన ట్యూన్ ముక్కలతో కట్టినది, రాసినవాళ్ళలో అతని పేరు కూడా వేసినారు.

మొన్న దసరా సెలవులకి ఆదోని పోయినప్పుడు, మా నాయన డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిని కూర్చున్నాడు. ఆయన ఒక జిన్నింగ్ మిల్లులో మెకానిక్. పత్తి సీజన్‌లో ఇరవై ముప్పై మిషన్లు ఒకేసారి మోగే షెడ్డులో నిలబడి, కింద రొదలో తేడా బట్టి ఏ మిషన్ బేరింగ్ పోయిందో చెప్తాడు. ఫ్రెండ్ దగ్గర తెచ్చుకున్న పెద్ద హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకి పెట్టి 'ఒరాయన్' మధ్య భాగం వినిపించినా. కళ్ళు మూసుకొని విన్నాడు. కింద నడుస్తూ ఉన్నదేనా నువ్వు కొన్నది అని అడిగినాడు. అవునన్నా.

తర్వాత ఏమీ చెప్పకుండా 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో ఒక పాట పెట్టినా. అర నిమిషం విన్నాడు. హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తీసి, వైరు పీకి చూసి, మళ్ళీ గుచ్చినాడు. ఒక మిషన్ ఆగిపోయింది కదా అన్నాడు. కాదు నాయనా, ఆ పాట అంతే అని చెప్పినా. అయితే ముందరిదే పెట్టు అని మళ్ళీ హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు.

హాస్టల్ గ్రూప్‌లో ఫోటో డిలీట్ చేసినా. ఎవరైనా ఇంకా కొనాలనుకుంటుంటే క్షమించండి.